సామాన్ల దగ్గర ఎవరు కూర్చోవాలి?

ఏ ఊరు వెళ్ళినా, ఏ గుడికి వెళ్ళినా మన ఇళ్ళల్లో ఒక మాట వినపడుతుంది. "నువ్వు కాసేపు ఇక్కడ కూర్చో, మేం చూసొచ్చేస్తాం." ఆ "నువ్వు" ఎవరో మీకు చెప్పక్కర్లేదు. సంచీలు, చెప్పులు, మంచినీళ్ళ సీసాలు, నిద్రపోతున్న పిల్లాడు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ... వీటన్నిటి మధ్యా కూర్చుని, వెళ్ళినవాళ్ళు ఎప్పుడొస్తారా అని దారి చూసే మనిషి ఆ "నువ్వు".

పెళ్ళై పదిహేడేళ్ళు. ఇన్నేళ్ళూ నేను దీని గురించి పెద్దగా ఆలోచించలేదు. ఎవరో ఒకరు కూర్చోవాలి కదా, అది నేనైతే ఏం పోయింది అనుకునేదాన్ని. మొన్న సంక్రాంతి సెలవుల్లో అండమాన్ వెళ్ళినప్పుడు, నీల్ ద్వీపంలో సముద్రం ఒడ్డున, కొబ్బరిబోండాల కొట్టు దగ్గర కూర్చున్నప్పుడు మొదటిసారి ఆలోచించాను. ఎందుకంటే అక్కడ చూడాల్సినది నా కోసం ఆగేది కాదు.

ముందు ఆ చోటు గురించి చెప్తాను, వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది.

పోర్ట్ బ్లెయిర్ నుంచి (2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు) నీల్ ద్వీపానికి ఓడలో వెళ్ళాలి. 2018 డిసెంబరులో దీనికి షహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు కానీ, ఆటోవాళ్ళ నుంచి హోటలువాళ్ళ దాకా అందరూ ఇంకా నీల్ అనే అంటున్నారు. చిన్న దీవి. ఈ చివర నుంచి ఆ చివరకి ఆటోలో అరగంట కూడా పట్టదు. ఊళ్ళ పేర్లు వింటే మా అత్తయ్యగారు ఎంత సంబరపడ్డారో! రామనగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. "రామాయణం అంతా ఇక్కడే ఉందేమిటే అమ్మాయ్" అన్నారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ వదిలి వచ్చిన కుటుంబాలకి 1960లలో ఇక్కడ భూములిచ్చి కూర్చోబెట్టారు. వాళ్ళు అడవి కొట్టి పొలాలు చేసుకున్నారు. అండమాన్ అంతటికీ ఇక్కణ్ణుంచే కూరగాయలు వెళ్తాయి. బజార్లో వంకాయలూ, కాకరకాయలూ, గుమ్మడికాయలూ చూస్తే మన గోదావరి లంకల్లో ఉన్నట్టే అనిపించింది.

ఆ బెంగాలీలు పేరు పెట్టిందే "హౌరా బ్రిడ్జి". కలకత్తా వంతెన కాదండీ, ఇది సముద్రం కట్టిన వంతెన. లక్ష్మణ్‌పూర్ దగ్గర రెండో బీచ్‌లో ఉంది. పాత పగడాలూ సున్నపురాయీ కలిసి గట్టిపడిన కొండరాయిని అలలు కొట్టీ కొట్టీ, మెత్తగా ఉన్న చోట తొలిచేశాయి. కింద రాయి పోయింది, పైది కమానులా మిగిలింది. దాని నెత్తిమీద చెట్లు మొలిచాయి. వదిలి వచ్చిన ఊళ్ళు తలుచుకుంటూ బతికినవాళ్ళు, ఇక్కడ కనపడిన రాతి కమానుకి అక్కడి వంతెన పేరు పెట్టుకున్నారన్నమాట.

అయితే అక్కడికి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళలేం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే దారి. మా కాకినాడ వైపు పుట్టినవాళ్ళకి ఆటూ పోటూ కొత్తేమీ కాదు. చంద్రుడి ఆకర్షణకి రోజుకి రెండుసార్లు నీళ్ళు పొంగుతాయి, రెండుసార్లు తగ్గుతాయి. ఇవాళ తగ్గిన టైముకి రేపు తగ్గదు, దాదాపు యాభై నిమిషాలు ఆలస్యం. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, అప్పుడు ఆటు కూడా ఎక్కువే. అండమాన్‌లో ఆ రోజుల్లో పోటుకీ ఆటుకీ దాదాపు మనిషెత్తు తేడా ఉంటుంది. పోటు మీద ఉన్నప్పుడు ఆ రాళ్ళ దారంతా నీళ్ళలో మునిగిపోతుంది. ఆటు సమయానికి అటో గంట ఇటో గంట, అంతే మనకున్న వ్యవధి.

మేం వెళ్ళినప్పుడు పౌర్ణమి ఇంకా రెండు రోజులుంది. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో బాగా ఆటు అని ముందు రోజు రాత్రే హోటల్ కుర్రాడు చెప్పాడు. పొద్దున ఆటో అతనూ అదే చెప్పాడు. అక్కడ అందరికీ ఆ లెక్క నోటికి వచ్చు.

అయినా మేం చేరేసరికి రెండుంబావు. ఆలస్యం ఎందుకైందంటే, అదీ మామూలే. భోజనాల దగ్గర చేపల పులుసు రావడం లేటు. తర్వాత చిన్నదానికి టోపీ దొరకలేదు. అత్తయ్యగారి మాత్రలు ఏ సంచీలో ఉన్నాయో నాకు తప్ప ఎవరికీ తెలియదు. పండగ ముందు ప్రయాణం కదా, పెద్దపండగకి ఇంట్లో ఉండాలన్న షరతు మీదే అత్తయ్యగారు బయల్దేరారు. దారిలో తినడానికి జంతికలూ, పోకుండలూ డబ్బాల్లో పెట్టుకొచ్చాం. ఆ డబ్బాల సంచీ కూడా మాతోనే తిరుగుతోంది.

ఆటో దిగి, కొట్లు దాటి, మెట్లు దిగితే రాళ్ళ ఒడ్డు మొదలు. ఇసక కాదు. గరుకైన పగడపు రాళ్ళు, మధ్యలో నాచు పట్టి జారేవి, సందుల్లో నిలిచిన నీళ్ళు. పది పదిహేను నిమిషాలు అలా నడవాలి. అత్తయ్యగారు మెట్ల పైనుంచి ఒకసారి కిందకి చూశారు. ఆవిడకి అరవై ఎనిమిది. రెండు మోకాళ్ళూ అరిగాయి. "నా వల్ల కాదమ్మా" అన్నారు.

ఆ మాట పూర్తయిందో లేదో, మా వారు నా చేతికి నీళ్ళ సీసా ఇచ్చారు. "నువ్వు అమ్మ దగ్గరుండు. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించుకొచ్చేస్తాను. మళ్ళీ నీళ్ళొచ్చేస్తాయి."

ఆయన తప్పు ఏమీ లేదు, నిజంగా అంటున్నాను. ఆయన గట్టిగా అనలేదు, చులకనగా అనలేదు. వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో చేతికి తెలిసినట్టు, ఎవరు ఉండిపోవాలో ఆయన నోటికి తెలుసు. అసలు సంగతేమిటంటే నా ఒంటికీ తెలుసు. ఆయన అనేలోపే నేను కొబ్బరిబోండాల కొట్టు పక్కన నీడ చూసి సంచీలు సర్దడం మొదలుపెట్టేశాను.

వాళ్ళు ముగ్గురూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని రాళ్ళ మీద వెళ్తుంటే చూశాను. మలుపు తిరిగారు, కనపడలేదు. అక్కణ్ణుంచి వంతెన కనపడదు. మూడు వేల రూపాయలు కాదు, ఐదు వేలు కాదు, ఏడాదిన్నరపాటు ఇంటి ఖర్చుల్లో మిగిల్చి, చీటీ పాడి, టికెట్లు ఎప్పుడు తగ్గుతాయా అని రాత్రుళ్ళు చూసి ఇక్కడికి వచ్చాం. ఆ చీటీ కట్టింది నేను. నీల్‌లో ఈ వంతెన ఉందని చదివి చెప్పింది నేను. ఇప్పుడు నాకు కనపడుతున్నది కొబ్బరిబోండాల కుప్ప.

కాసేపటికి అత్తయ్యగారు అన్నారు. "రామేశ్వరం వెళ్ళినప్పుడూ ఇంతే."

"ఏమైందత్తయ్యా?"

"ఇరవై రెండు బావుల నీళ్ళూ పోసుకోవాలి కదా. మీ మామయ్యగారూ, మరిది, తోడికోడలు, పిల్లలు అందరూ వెళ్ళారు. పొడి బట్టలు, నగలు, డబ్బు సంచీ నా దగ్గర. వాళ్ళొచ్చి, నువ్వూ వెళ్ళు అన్నారు. ఈలోగా బండి టైమైంది. రెండు బావుల దగ్గర నెత్తిన నీళ్ళు జల్లుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక అందరూ రామేశ్వరం ఎలా ఉందని అడిగారు. ఏం చెప్పను? బాగుందన్నాను."

ఆవిడ నవ్వుతూనే చెప్పారు. నలభై ఏళ్ళ కిందటి సంగతి. ఇన్నేళ్ళలో రామేశ్వరం కథ మా ఇంట్లో వందసార్లు చెప్పుకున్నారు, మామయ్యగారు ఉన్నప్పుడు ఆయనే చెప్పేవారు. ఈ ముక్క మాత్రం ఎప్పుడూ వినలేదు.

"కాశీలో?" అని అడిగాను.

"కాశీలో మీ ఆయనకి జ్వరం. ధర్మసత్రంలో కూర్చున్నాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పుడావిడ నా వైపు తిరిగి, "నువ్వెందుకు కూర్చున్నావే ఇక్కడ?" అన్నారు.

"మీరు ఒక్కరూ ఎలా ఉంటారు?"

"ఏం, నేను మనిషినా మూటనా, ఎవరో ఒకరు కాపలా కాయడానికి? నీళ్ళ సీసా ఇలా ఇయ్యి. లే."

కొట్టు అమ్మాయికి మా భాష రాకపోయినా విషయం అర్థమైపోయింది. హిందీలో "వెళ్ళు దీదీ, నేనున్నానుగా. ఇంకో అరగంటే, తర్వాత నీళ్ళొస్తాయి" అని, తను కూర్చునే కుర్చీ తెచ్చి అత్తయ్యగారికి వేసింది. నేను టైము చూశాను. మూడుంబావు. లేచాను కానీ, రెండడుగులు వేసి వెనక్కొచ్చాను, మాత్రలు ఏ సంచీలో ఉన్నాయో చెప్పడానికి. అత్తయ్యగారు చెయ్యి విసిరారు, పో అన్నట్టు.

దారి మధ్యలో మా వాళ్ళు ఎదురయ్యారు. మా వారు కంగారుపడ్డారు, అమ్మకేమన్నా అయిందేమోనని. "అత్తయ్యగారు బాగానే ఉన్నారు, నేను చూడ్డానికి వెళ్తున్నాను" అన్నాను. ఆయన అన్న మాట ఇది: "అయ్యో, ఇప్పుడెందుకు ఈ రాళ్ళలో? నేను బోలెడు ఫోటోలు తీశాను కదా, అన్ని వైపుల నుంచీ. వీడియో కూడా ఉంది."

మా చిన్నది జేబులోంచి తెల్లటి పగడపు ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు రాలేదు కదమ్మా, నీకోసం తెచ్చాను."

ఫోటోలూ, పగడపు ముక్కా. ఇద్దరూ ప్రేమతోనే తెచ్చారు. నా గొంతులో ఏదో అడ్డుపడింది. దాని బుగ్గ నిమిరి, "ఇవి తీసుకెళ్ళకూడదు తల్లీ, ఇక్కడే ఉండాలి, నేను అక్కడ పెట్టేస్తాను" అన్నాను. పగడాలకి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఆ తీరంలో గవ్వలూ పగడాలూ ఏరుకు తెచ్చుకోవడం కుదరదు, విమానాశ్రయంలో సంచీల్లో దొరికినా తీసేసుకుంటారు. మా పెద్దాడు తోడొస్తానన్నాడు. వద్దన్నాను. ఎందుకో ఒక్కదాన్నే వెళ్ళాలనిపించింది.

చేరేసరికి మూడున్నర దాటింది. జనం చాలామంది వెనక్కి తిరిగారు. మలుపు తిరగగానే కనపడింది. ఫోటోల్లో చూసినదానికంటే బరువుగా, గరుకుగా ఉంది. ఒక పక్క నుంచి చూస్తే ఏనుగు నీళ్ళలోకి తొండం దించినట్టుంది. అడుగున నిలబడితే చల్లగా, నీళ్ళ చప్పుడు పైకప్పుకి తగిలి వెనక్కొస్తోంది. పక్కన రాతి గుంటల్లో నీళ్ళు. ఒక దాంట్లో నల్లటి సముద్ర దోసకాయ ఒకటి కదలకుండా పడుంది. ఇంకో దాంట్లో వేలెడు చేపలు, మళ్ళీ పోటు వచ్చి తలుపు తీసేదాకా వాటికి అదే ఇల్లు. అక్కడ కొందరు గైడ్లు ఆ జీవాల్ని చేతిలోకి తీసి యాత్రికులకి చూపిస్తుంటారట, మా పెద్దాడు చెప్పాడు. తాకకుండా చూస్తేనే బాగుంటుంది. భయపడితే కొన్ని జాతుల సముద్ర దోసకాయలు లోపలి పేగులు కూడా బయటికి కక్కేస్తాయి. చుట్టూ చేరిన పదిమందిలో ఒక్కొక్కళ్ళూ ఒక్కసారే ముట్టుకున్నామనుకుంటారు, దానికి మాత్రం అది పదోసారి.

పగడపు ముక్కని ఒక గుంటలో వదిలాను. ఫోను తీయలేదు. పది నిమిషాలు ఉన్నానేమో. తర్వాత ఒక గైడు చేతులూపుతూ అందర్నీ వెనక్కి పిలిచాడు. నేను వచ్చేటప్పుడు పొడిగా ఉన్న రాళ్ళ మధ్య అప్పటికే నీళ్ళు పాకుతున్నాయి.

పది నిమిషాలు. అంతే నేను చూసింది. కానీ ఇప్పుడు ఎవరైనా నీల్ ఎలా ఉందని అడిగితే "బాగుంది" అని ఊరుకోను. చెప్పడానికి నా దగ్గర ఉంది.

ఇక అసలు నేను చెప్పాలనుకున్నది.

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ సమయం సాగుతుంది. పిల్లల పరీక్షలైతే ఒక రకంగా, చుట్టాలొస్తే ఒక రకంగా, పనమ్మాయి రాకపోతే ఇంకో రకంగా. ఎటు లాగితే అటు సాగుతుంది కాబట్టి "తర్వాత నువ్వు చూద్దువుగానిలే" అనడం అందరికీ సులువు, ఒప్పుకోవడం మనకి అలవాటు. ఇంట్లో ఉన్నప్పుడు ఆ "తర్వాత" నిజంగానే వస్తుందేమో. సాయంత్రం వచ్చే సీరియల్ రేపు మళ్ళీ వేస్తారు. సముద్రం అలా కాదు. రెండున్నరకి ఆటు అంటే రెండున్నరకే. అత్తయ్యగారి మోకాళ్ళ కోసం ఆగదు, నా సంచీల కోసం ఆగదు. చూసేవాళ్ళు చూస్తారు, ఉండిపోయినవాళ్ళు ఉండిపోతారు. మర్నాడో, మరునాడో మేం దీవి దాటి వెళ్ళిపోతాం. మళ్ళీ ఈ చీటీ ఎప్పుడు పాడతాం?

ఆ రాయి కూడా శాశ్వతం కాదండీ. ఏ అలలు తొలిచాయో ఆ అలలే ఒకనాడు పడగొడతాయి. మాల్టా దేశంలో అజూర్ విండో అని ఇలాంటి కమానే ఉండేది, ప్రపంచమంతా వెళ్ళి చూసేవాళ్ళు. 2017 మార్చిలో ఒక గాలివానకి కూలిపోయింది. నీల్ వంతెన మన కాలంలోనే పడిపోతుందని నేను అనడం లేదు. నా మోకాళ్ళు మాత్రం దానికంటే ముందే పోతాయి. అత్తయ్యగారు యాభై ఏళ్ళ వయసులో ఇక్కడికి వచ్చుంటే పిల్లల కంటే ముందు నడిచేవారు. అప్పుడు ఆవిడ ఎక్కడున్నారు? ఎవరి సామాన్ల దగ్గరో.

ఈ మాట అంటే మీలో కొందరు ఏమంటారో నాకు తెలుసు, ఎందుకంటే నిన్నటిదాకా నేనూ అదే అన్నాను. "పిల్లలు చూస్తే నేను చూసినట్టే కదా" అంటారు. ఆ ఆనందం అబద్ధం కాదు. కానీ పిల్లలకి ఇంకోటి కూడా అర్థమవుతుంది. చూడ్డానికి వెళ్ళేది నాన్న, ఉండిపోయేది అమ్మ అని. మా చిన్నది ఆ పగడపు ముక్క తెచ్చినప్పుడు దాని మొహంలో నాకు ఏ ఆశ్చర్యమూ కనపడలేదు. అమ్మ రాదని దానికి ముందే తెలుసు. నాకు బాధేసింది అందుకే. ఇంకో పాతికేళ్ళకి అదే ఏ ఒడ్డునో ఎవరి సంచీలో కాస్తూ కూర్చుంటుంది, వద్దనుకోవాలని కూడా దానికి తోచదు.

"కూర్చోవడమే నాకు హాయి, ఆ ఎండలో ఎవరు నడుస్తారు" అనేవాళ్ళూ ఉన్నారు. నాకూ కొన్ని చోట్ల అలాగే ఉంటుంది. సెల్యులార్ జైల్లో మూడో అంతస్తు ఎక్కకుండా నేనే చెట్టు కింద కూర్చున్నాను, హాయిగా. అడిగితే కూర్చుంటానని చెప్పాను. అడగడం, అడగకపోవడం, ఆ తేడా గురించే నేను మాట్లాడుతున్నది.

అయితే అందరం వెళ్ళిపోయి పెద్దవాళ్ళని వదిలేద్దామా? అదీ కాదు. ఉండిపోవడం అవసరమే, కొన్ని చోట్ల ఎవరో ఒకరు ఉండే తీరాలి. ఎప్పుడూ ఒకే మనిషి ఉండక్కర్లేదు, అంతే. మా ఇంట్లో ఇప్పుడు మేం పెట్టుకున్న పద్ధతి చెప్తాను, మీకు నచ్చితే చూడండి. బయల్దేరే ముందే, ఏ చోటుకి పెద్దవాళ్ళు రాగలరు, ఏ చోటుకి రాలేరు అని కూర్చుని మాట్లాడుకోవడం. రాలేని చోట మొదటి వంతు ఎవరిది, రెండో వంతు ఎవరిది అని అక్కడే తేల్చుకోవడం. సముద్రం దగ్గరైతే ఆటు టైముకి గంట ముందే చేరుకోవడం, అప్పుడే రెండు వంతులకీ వ్యవధి ఉంటుంది. ఆ రోజు మేం ఒంటిగంటన్నరకి చేరుంటే ఎవరూ పరిగెత్తే పనే లేదు. కాళ్ళకి జారని చెప్పులు వేసుకోవడం, జంతికల డబ్బాలు గదిలోనే వదిలేయడం. మందులు ఏ సంచీలో ఉన్నాయో అందరికీ తెలిసేలా చెప్పడం. ఈ చివరిది చిన్నదే కానీ, నన్ను కట్టిపడేసిన తాళ్ళలో సగం అదే.

ఇంకొకటి. పెద్దవాళ్ళు కూడా చూడ్డానికే వచ్చారని మర్చిపోకూడదు. "అమ్మని ఎవరు చూసుకోవాలి" అని మేమిద్దరం ఆలోచించాం కానీ, "అమ్మ ఏం చూడాలి" అని ఇద్దరిలో ఒక్కరం కూడా ఆలోచించలేదు. నేను కూడా, ఆవిడ పక్కనే కూర్చుని, నా వంతెన పోయిందని కుమిలానే గానీ ఆవిడ వంతెన గురించి తలుచుకోలేదు. ఆ తప్పు నాదే.

అందుకే మర్నాడు పొద్దున భరత్‌పూర్ బీచ్‌కి వెళ్ళాం. జెట్టీ పక్కనే, మెత్తటి ఇసక, లోతు లేని నీళ్ళు. ఆ పూట పోటు మీదుంది, నీళ్ళు నిండుగా, పచ్చగా, గాజులా ఉన్నాయి. ఆటో దిగగానే నేనే అన్నాను, "ఏవండీ, సామాన్ల దగ్గర ఇవాళ మీరు కూర్చోండి." ఆయన ఒక్క క్షణం చూసి, "సరే" అన్నారు.

నేనూ పిల్లలూ అత్తయ్యగారి చేతులు పట్టుకుని నీళ్ళలోకి నడిపించాం. మోకాళ్ళ లోతు వచ్చాక, వదిలేయమన్నారు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నీళ్ళలో తన పాదాలు తనకే కనపడుతుంటే అలా చూస్తూ నిలబడ్డారు. మా కాకినాడ సముద్రంలో పాదాలు కనపడవు కదా. "గోళ్ళు కూడా కనపడుతున్నాయే!" అన్నారు. ఎంతసేపు ఉన్నామో తెలీదు.

ఈలోగా ఒడ్డు నుంచి మా వారు రెండుసార్లు కేకేశారు. ఒకసారి తువ్వాలు ఎక్కడుందని. రెండోసారి, ఇంకా ఎంతసేపని.

"వచ్చేస్తాం లేరా, కూర్చో" అన్నారు అత్తయ్యగారు, వెనక్కి తిరక్కుండానే.